కొత్తపట్నం నుంచి మెస్ సెక్రటరీ దాకా

మొన్న డిసెంబర్లో మా మామావాళ్ళు అమెరికా నుంచి అల్లూరు వచ్చారు. మామ కొడుకు, అంటే నాకు బామ్మర్ది, టెక్సాస్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. రాత్రి భోజనాల దగ్గర వాడో కబురు చెప్పాడు. వాళ్ళ ఫ్రాటర్నిటీ తరఫున వచ్చే వేసవిలో ఐదు రోజుల లీడర్‌షిప్ క్యాంపుకి వాణ్ణి ఎంపిక చేశారట. మామ మొహంలో గర్వం. అత్త మొహంలో అనుమానం (ఫ్రాటర్నిటీ అనగానే ఆవిడకి హాలీవుడ్ సినిమాల్లో తాగి తూలే కుర్రాళ్ళు గుర్తొస్తారు పాపం). మా తాతకి మాత్రం రెండూ లేవు.

"ఏందబ్బయ్యా అది? సంగమా?" అన్నాడు.

వాడు నా వైపు చూశాడు, అనువాదం చెయ్యి బావా అన్నట్టు. "సంఘం లాంటిదే తాతా, కాకపోతే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. కాకపోతే ఏమిటో నాకూ తెలీదు. తాత నా కోసం ఆగలేదు. "సంగమైతే దానికి ఐదు రోజుల ట్రైనింగెందుకు? అలగానిపాడు సుందరయ్యకి ఎవురు నేర్పినారంట?" అనేసి పెరుగన్నంలోకి దిగిపోయాడు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. సెలవులు ఇంకా నాలుగు రోజులున్నాయి, ఆఫీస్ లాప్‌టాప్ తెరిచే ఉద్దేశం లేదు. కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

ముందు వాళ్ళ సంగతి. అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల సంఘాలకి మూలం 1776 డిసెంబర్ 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పా. అంటే ఆ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఐదు నెలలకే అన్నమాట. అది తర్వాత తెలివైన విద్యార్థుల గౌరవ సంఘంగా మారిపోయింది. ఇప్పుడు మనం అనుకునే రకం ఫ్రాటర్నిటీలు 1825 నుంచి, న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో మొదలయ్యాయి. అమ్మాయిల సంఘాలకి సొరోరిటీ అన్న మాట సిరక్యూజ్‌లో 1874లో మొదలైన గామా ఫై బీటాతో వాడుకలోకి వచ్చింది. వీటిల్లోకి నల్లవాళ్ళని రానివ్వకపోతే వాళ్ళు 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడే. 1908లో హోవర్డ్‌లో నల్లజాతి అమ్మాయిలు పెట్టుకున్న ఆల్ఫా కప్పా ఆల్ఫాలో, 2024లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన కమలా హారిస్ సభ్యురాలు. మనవాళ్ళ పిల్లలు పెద్దయ్యేసరికి 1990లు వచ్చాయి. 1998 ఒక్క సంవత్సరంలోనే టెక్సాస్ యూనివర్సిటీ ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, హ్యూస్టన్‌లో అమ్మాయిలకి డెల్టా ఫై ఒమేగా మొదలయ్యాయి. ఇవి రెండూ దక్షిణాసియా పిల్లలు మొదలుపెట్టినవే.

లీడర్‌షిప్ క్యాంపుల వ్యవహారం మాత్రం కొత్తదే. ఆల్ఫా టౌ ఒమేగా అనే ఫ్రాటర్నిటీ 1986లో లీడర్‌షేప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది, తర్వాత అది అందరు విద్యార్థులకీ తెరిచారు. 1990 నుంచి ఫ్రాటర్నిటీల ఉమ్మడి సంఘం వాళ్ళు ఒక వేసవి ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నారు. ఎందుకింత శ్రద్ధ అంటే సగం కారణం మంచిది, సగం కారణం భయం. కొత్త సభ్యుల్ని చేర్చుకునేటప్పుడు జరిగే హింస, అదే మన ర్యాగింగ్, పిల్లల్ని చంపుతోంది. 2017లో పెన్ స్టేట్‌లో పందొమ్మిదేళ్ళ కుర్రాడు అలాగే చనిపోయాడు. దీని మీద దేశం మొత్తానికీ వర్తించే చట్టం వాళ్ళకి 2024 డిసెంబర్లో గానీ రాలేదు. ఈ ఒక్క విషయంలో మనమే ముందు, ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. చట్టం వస్తే ర్యాగింగ్ పోయిందా అని అడక్కండి.

సరే, ఇక తాత ప్రశ్న. సుందరయ్యకి ఎవరు నేర్పారు?

అలగానిపాడు మాకు దూరం కాదు. పక్క మండలం, విడవలూరు. అక్కడ 1913 మే 1న పుట్టిన పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి, పేరు చివర కులాన్ని తీసేసి సుందరయ్య అయ్యాడు. భూములున్న కుటుంబం. మద్రాస్ లయోలా కాలేజీలో చదువుతూ 1930లో, పదిహేడేళ్ళ వయసులో, ఉప్పు సత్యాగ్రహం కోసం చదువు వదిలేశాడు, జైలుకి వెళ్ళాడు. బయటికొచ్చి సొంత ఊళ్ళో, సొంత కులం రైతుల మీదనే, వ్యవసాయ కూలీలకి సంఘం పెట్టాడు. మా వైపు పల్లెలు తెలిసినవాళ్ళకి ఈ వాక్యం ఎంత బరువైనదో అర్థమవుతుంది. దేశం కోసం జైలుకెళ్ళినవాడికి ఊళ్ళో దండలేస్తారు. కూలి పెంచమన్నవాడికి సొంత చుట్టాలే తలుపు తియ్యరు.

కాబట్టి తాత చెప్పిందానిలో సగం నిజం. ఐదు రోజుల ట్రైనింగ్ ఆయనకెవరూ ఇవ్వలేదు. కానీ ఎవరూ నేర్పలేదన్నది కూడా నిజం కాదు. మీరట్ కుట్ర కేసులో పోలీసులు వెతుకుతుంటే తప్పించుకుని మద్రాస్ చేరిన అమీర్ హైదర్ ఖాన్ అనే ఆయన ఉన్నాడు. రావల్పిండి వైపు మనిషి, ఓడల్లో పనిచేసి ప్రపంచం తిరిగినవాడు. ఆయనే ఈ నెల్లూరు కుర్రాణ్ణి కమ్యూనిస్టుగా మార్చాడు. ఒక మనిషి, ఇంకో మనిషి, మధ్యలో బోలెడంత మాట్లాడుకోవడం. దాన్ని ఇప్పుడు మెంటరింగ్ అంటున్నాం, దానికి క్యాలెండర్ ఇన్వైట్ పంపుతున్నాం.

అక్కడితో ఆగితే ఇది ఒక మహానుభావుడి కథ అయిపోయేది. నన్ను పట్టుకున్నది తర్వాతి ముక్క. ఒకళ్ళు ఒకళ్ళకి నేర్పుకుంటూ పోతే ఎప్పటికి తెమిలేను? అందుకని ఆంధ్రాలో కాంగ్రెస్ సోషలిస్టులు, అప్పటికి నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు కలిసి 1937 మే నెలలో ఒక వేసవి పాఠశాల పెట్టారు. అర్థశాస్త్రం, రాజకీయాలు పాఠాలు. ఎక్కడో తెలుసా? మా తీరం వెంబడే ఉత్తరంగా పోతే ఒంగోలు దగ్గర వచ్చే కొత్తపట్నంలో, సముద్రం పక్కన. ఇప్పుడు ఒంగోలు వాళ్ళు ఆదివారం బీచ్‌కి వెళ్ళే కొత్తపట్నమే. (అప్పుడది గుంటూరు జిల్లాలో ఉండేది, ప్రకాశం జిల్లా 1970లో గానీ పుట్టలేదు.)

వేసవి సెలవులు, సముద్రపు గాలి, యువకులు, పాఠాలు, చర్చలు. చదువుతుంటే మా బామ్మర్ది చూపించిన క్యాంపు బ్రోషరే గుర్తొచ్చింది. తేడా ఒక్కటే, కొత్తపట్నం బడిని ప్రభుత్వం నిషేధించింది. అప్పుడు మద్రాసులో ఉన్నది కె.వి. రెడ్డి నాయుడి తాత్కాలిక మంత్రివర్గం. ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెస్ వెంటనే గద్దె ఎక్కనంటే మధ్యలో కూర్చోబెట్టిన మూడు నెలల ప్రభుత్వం అది. మూడు నెలలుండే ప్రభుత్వానికి కూడా ఒక వేసవి బడిని చూస్తే భయం వేసింది. పోలీసులొచ్చారు, లాఠీలు లేచాయి, అరెస్టులు జరిగాయి. ఆ తర్వాత గుంటూరు జిల్లాలోనే మంతెనవారిపాలెంలో మళ్ళీ బడి పెట్టారు. ఆ దారిలో కాకుండా, నిడుబ్రోలులో ఎన్.జి. రంగా రైతు కార్యకర్తల కోసం తన విద్యాలయం తను నడుపుకుంటున్నాడు. అంటే 1930లలో కోస్తా అంతా లీడర్‌షిప్ క్యాంపులే. ఆ రాజకీయాలతో మీకూ నాకూ ఏకీభావం ఉండాలనేం లేదు (నాకు చాలా వాటితో లేదు). కానీ ఒకటి ఆలోచించండి. కొత్తపట్నంలో కూర్చున్న కుర్రాడికి, సర్టిఫికెట్ సంగతి అటుంచి, ఒంటి మీద దెబ్బ పడొచ్చని తెలుసు. తెలిసే కూర్చున్నాడు.

ఫ్రాటర్నిటీ సరే, మరి సొరోరిటీ? దీనికి మన దగ్గర ఉన్న కథ చదివి నేను కుర్చీలోంచి లేచి రెండు చుట్లు తిరిగాను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వినని తెలుగువాళ్ళుండరు. హైదరాబాదులో ఉన్నవాళ్ళకి విద్యానగర్ దగ్గర ఆవిడ పేరున్న ఆసుపత్రి తెలుసు. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకి పెళ్ళి చేశారు, ఊహ వచ్చాక ఆ పెళ్ళి నుంచి బయటికొచ్చింది. చిన్న పిల్లగా ఉన్నప్పుడే హిందీ నేర్చుకుని, ఆడవాళ్ళకి హిందీ నేర్పే బడి పెట్టింది. 1923 డిసెంబర్లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలు. పక్కనే ఖద్దరు ప్రదర్శన. ఆ గేటు దగ్గర వాలంటీరు ఈ పద్నాలుగేళ్ళ పిల్ల. టికెట్ లేనివాళ్ళని లోపలికి పంపొద్దని చెప్పారు. ఒకాయన టికెట్ లేకుండా వచ్చాడు, పంపలేదు. ఆయన జవహర్లాల్ నెహ్రూ. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి పిల్లని కసిరి, టికెట్ కొని తెచ్చిస్తే అప్పుడు వదిలింది. నెహ్రూ ఆ పిల్లని మెచ్చుకున్నాడు. ఈ కథ అందరూ చెప్తారు.

అందరూ చెప్పనిది తర్వాతిది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో మద్రాస్‌లో ముందు నిలబడి, మూడేళ్ళలో పలుమార్లు జైలుకెళ్ళి బయటికొచ్చిన మనిషి, ఇరవై దాటాక మళ్ళీ పుస్తకాలు పట్టింది. కాశీ యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ ప్రైవేటుగా చదివింది. తర్వాత డిగ్రీకి వాల్తేరు, ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్ళింది. వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డి. గొప్ప పండితుడు, ఉదారవాది, అన్నీ. ఆయన చేర్చుకోనన్నాడు. కారణం, ఆడపిల్లలకి హాస్టల్ లేదు, ఎక్కడుంటావు?

మనలో చాలామంది అక్కడ ఏం చేస్తాం? దరఖాస్తు పెడతాం. ఇంకో దరఖాస్తు పెడతాం. పైవాళ్ళకి ఎస్కలేట్ చేస్తాం. ఆవిడ పేపర్లో ప్రకటన వేయించింది, హాస్టల్ లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలెవరైనా ఉంటే నన్ను కలవండని. కొంతమంది వచ్చారు. వాళ్ళంతా కలిసి ఒక చోటు చూసుకుని తామే హాస్టల్ పెట్టుకున్నారు. ఇదిగో హాస్టల్, ఇక చేర్చుకోండి అంది. చేర్చుకున్నారు. 1939కల్లా రాజనీతి శాస్త్రంలో డిగ్రీ చేతికొచ్చింది, తర్వాత మద్రాస్‌లో లా.

ఒక ఇల్లు, కొంతమంది ఆడపిల్లలు, అందరూ వేసుకున్న ఖర్చు, బయటివాళ్ళు పెట్టిన అడ్డం. గ్రీకు అక్షరాలు తప్ప సొరోరిటీకి ఉండాల్సినవన్నీ అందులో ఉన్నాయి. మద్రాసులో ఆవిడ ఇంటి చుట్టూ చేరిన అమ్మాయిల బృందం నుంచే ఆంధ్ర మహిళా సభ పుట్టింది, 1937లో. తన మెట్రిక్ చదువు సంగతి తెలిసి మేమూ రాస్తాం అని వచ్చిన ఆడవాళ్ళకి చెప్పిన పాఠాలే ఆ సభ చదువుల కార్యక్రమాలకి పునాది. రాజ్యాంగ సభ, ప్లానింగ్ కమిషన్, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్ష పదవి, ఇవన్నీ తర్వాత. ఢిల్లీలో సంస్థలు కట్టిన మనిషి, అంతకుముందు వాల్తేరులో ఒక హాస్టల్ అద్దె లెక్క చూసుకుంది.

హాస్టల్ అన్నాను కదా, మన కథంతా నిజానికి హాస్టళ్ళదే. కాకపోతే ఇక్కడ కొంచెం ఇబ్బందిగా ఉండే నిజం ఒకటి చెప్పుకోవాలి. అమెరికావాళ్ళ ఫ్రాటర్నిటీలు రంగుని బట్టి ఎలా విడిపోయాయో, మన హాస్టళ్ళు కులాన్ని బట్టి అలా కట్టారు. హైదరాబాద్ రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది, ఉస్మానియా యూనివర్సిటీ పుట్టిన ఏడాదే. దాని వెనక ఉన్నది రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి, తర్వాత నగరానికి కొత్వాల్ అయినాయన. పల్లెల నుంచి చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్ళకి పట్నంలో తలదాచుకునే చోటు లేదు, అదీ అవసరం. అవసరం అందరిదీ, బోర్డు మీద పేరు మాత్రం ఒక కులానిది. ఆంధ్రాలోనూ ఇదే వరస, ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఒక్కో కులానికి ఒక్కో సత్రం, ఒక్కో హాస్టల్. డబ్బున్న కులాలకి ముందు, లేనివాళ్ళకి ఎప్పుడో ప్రభుత్వం పెడితే.

అయినా అక్కడ ఏం తయారైందో చూడండి. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూస్తూనే 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. అక్కడున్న కుర్రాళ్ళలో ఒకడు నల్గొండ జిల్లా బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి. 1941లో చిలుకూరులో ఆంధ్ర మహాసభకి అధ్యక్షుడయ్యాడు, సాయుధ పోరాటానికి ముందు నిలిచాడు, 1952 ఎన్నికల్లో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకి వెళ్ళాడు. దొరల పిల్లలకి నీడనిచ్చిన హాస్టల్ నుంచి దొరల పెత్తనాన్ని కూలదోసినవాడు రావడం, దాన్ని కట్టినవాళ్ళు ఊహించి ఉండరు.

1938 చివర్లో ఉస్మానియా హాస్టళ్ళలో ఇంకోటి జరిగింది. ప్రార్థన గదుల్లో విద్యార్థులు వందేమాతరం పాడుతుంటే అధికారులు వద్దన్నారు. మానం అన్నారు వీళ్ళు. వందల మందిని పంపేశారు. నిజాం రాజ్యంలో ఇంకెక్కడా చదవడానికి లేకపోతే నాగపూర్ యూనివర్సిటీ వాళ్ళని చేర్చుకుంది. అలా వెళ్ళినవాళ్ళలో వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు 1991లో ప్రధానమంత్రి అయ్యాడు. పి.వి. అప్పటి మౌనం, తర్వాతి మౌనం వేరు వేరు అనుకుంటాను. సరే, అది ఇంకో చర్చ.

స్వాతంత్ర్యం తర్వాత హాస్టల్ స్థానం యూనియన్ తీసుకుంది. మా నెల్లూరు వి.ఆర్. కాలేజీ విద్యార్థి రాజకీయాల్లో పైకొచ్చిన చవటపాలెం రైతు బిడ్డ వెంకయ్య నాయుడు, 1972 జై ఆంధ్ర గొడవల్లో ఉపన్యాసాలిచ్చి, 1973-74లో ఆంధ్రా యూనివర్సిటీ కాలేజీల యూనియన్ అధ్యక్షుడై, 2017లో ఉపరాష్ట్రపతి దాకా వెళ్ళాడు. కాకినాడ కుటుంబం నుంచి వచ్చిన సీతారాం ఏచూరి 1977లో జె.ఎన్.యు. విద్యార్థుల్ని వెంటబెట్టుకుని ఇందిరా గాంధీ ఇంటికి వెళ్ళి, ఆవిడ ఎదుటే, ఛాన్సలర్ పదవి నుంచి తప్పుకోమన్న మహజరు చదివాడు. ఒకాయన ఆ చివర, ఒకాయన ఈ చివర. బడి మాత్రం ఒకటే.

ఆ బడిలో రక్తం కూడా ఉంది. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర జార్జి రెడ్డిని పొడిచి చంపారు. ఆ తర్వాత పదిహేనేళ్ళలో కత్తులూ, బంద్‌లూ, రౌడీలూ పెరిగాయి. 1980ల చివర్లో రాష్ట్రంలో కాలేజీ ఎన్నికలు ఆగిపోయాయి. మా అమ్మానాన్నల తరం ఊపిరి పీల్చుకుంది. వాళ్ళనేమీ అనలేను. పిల్లాడు చదువుకోడానికి వెళ్ళి శవమై రావడం ఎవరికి కావాలి?

కానీ ఆ ఖాళీలోకి ఏమొచ్చింది? రెసిడెన్షియల్ కాలేజీ. ఇదీ మా నెల్లూరుతో సంబంధం ఉన్నదే, 1979లో ఈ ఊళ్ళో ఒక లెక్కల మాస్టారు పెట్టిన చిన్న కోచింగ్ సెంటరే తర్వాత నారాయణ సంస్థలుగా ఎదిగింది. నేను ఇంటర్ చదివింది అక్కడ కాదు, వేరే చోట, పేరెందుకు. మేమూ హాస్టల్లోనే ఉన్నాం, రావి నారాయణరెడ్డి లాగే. తేడా ఏమిటంటే మేము దేన్నీ నడపలేదు. నిద్ర లేపడానికి ఒకడు, అన్నం పెట్టడానికి ఒకడు, పక్కవాడితో మాట్లాడకుండా చూడ్డానికి ఒకడు. రెండేళ్ళలో నేను తీసుకున్న పెద్ద నిర్ణయం, ఇడ్లీలోకి చట్నీయా సాంబారా అని. అదీ రెండూ ఉన్న రోజున. ర్యాంకులొచ్చాయి, సీట్లొచ్చాయి, ఉద్యోగాలొచ్చాయి. ఇప్పుడు మనకి టీమ్ లీడ్ అవగానే కంపెనీ రెండు రోజుల లీడర్‌షిప్ వర్క్‌షాప్ పెడుతుంది. పొడుగాటి సేమ్యా పుల్లలతో గోపురం కట్టిస్తుంది. మీరు ఎరుపు రంగు మనిషా, నీలం రంగు మనిషా అని చెబుతుంది. (నేను ఆకుపచ్చ అట. అప్రైజల్‌లో దానివల్ల ఒరిగిందేం లేదు.)

నాకు ఆ పనిలో నిజంగా పాఠం చెప్పింది ఒక నవంబర్ నెల. 2016. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, గుంటూరు వైపు ఒక కాలేజీ. మా హాస్టల్లో డివైడింగ్ మెస్. మీలో చాలామందికి తెలుసు, నెల ఖర్చుని తిన్నవాళ్ళ లెక్కన పంచుతారు, సరుకులు తేవడం, లెక్క రాయడం అంతా విద్యార్థులదే. ఆ నెల మెస్ సెక్రటరీ నేను. అల్లూరు వాడు కదా, బియ్యం గురించి తెలిసుంటుందని తోశారు. తెలీదు.

నవంబర్ 8 రాత్రి ఎనిమిదింటికి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. మా మెస్ పెట్టెలో లక్షా నలభై రెండు వేలు. అందులో వంద నోట్లు ఆరు వేలు. తెల్లారితే నూట అరవై నాలుగు మందికి టిఫిన్. బ్యాంకులు మర్నాడు మూత. ఆ తర్వాత వేసుకోవచ్చు గానీ వారానికి ఇరవై వేలకి మించి తియ్యనివ్వరు. బియ్యం కొట్టాయన చెక్కుకి ఒప్పుకున్నాడు, అది కూడా నా మొహం చూసి కాదు, నా ముందు సెక్రటరీలు ఎప్పుడూ బాకీ పెట్టలేదని. కూరగాయల దగ్గర చెక్కు ఎవడు తీసుకుంటాడు? తొమ్మిది రోజులు పప్పు, చారు, పచ్చడి. క్లాసులు ఎగ్గొట్టి ఏటీఎం లైన్లో నిలబడ్డానికి జాబితా వేశాం. దగ్గరూళ్ళ వాళ్ళు ఇంటికెళ్ళి వంకాయలు, టమాటాలు మోసుకొచ్చారు.

ఇంతవరకూ సరదాగానే ఉంటుంది. అసలు గొడవ వేరే. ఎప్పుడూ నెలాఖరు దాకా బాకీ కట్టనివాళ్ళు ఒక్కసారిగా పాత నోట్లు పట్టుకుని వరస కట్టారు, మూడు నెలల అడ్వాన్స్ తీసుకో అని. ఇంట్లోవాళ్ళ నోట్లు మెస్ అకౌంట్లో మార్చుకోవడం అన్నమాట. ఆ అకౌంట్ మీద వార్డెన్ గారి సంతకంతో పాటు నా సంతకం ఉంది. ఆ నెల బాకీ వరకే తీసుకుంటాను, అడ్వాన్స్ తీసుకోను అని బోర్డు మీద రాశాను. మొదటి సంవత్సరం నుంచి నా రూమ్‌లో ఉన్నవాడు నలభై వేలు తెచ్చాడు. వాళ్ళ నాన్న కౌలు రైతు, అమ్మిన మిరప డబ్బు అది. దొంగ డబ్బు కాదని నాకు తెలుసు. వాడికి ఒప్పుకుంటే మిగిలినవాళ్ళకి ఏం చెప్పను? కాదన్నాను. మూడు రోజులు సెలవు పెట్టి వాడు వాళ్ళ ఊరి బ్యాంకు ముందు నిలబడ్డాడు. డబ్బు మారింది. వాడు నాతో మాట్లాడ్డం మాత్రం ఫైనలియర్ అయ్యేదాకా మానేశాడు. నేను చేసింది రైటేనా అంటే ఇప్పటికీ రోజుకో రకంగా అనిపిస్తుంది.

ఇదంతా మా బామ్మర్దికి చెప్పాను, ఇసకపల్లి సముద్రానికి వెళ్ళి ఉప్పు కయ్యల పక్కగా తిరిగొస్తుంటే. వాడు ఫోన్ పక్కన పెట్టి విన్నాడు, అదే గొప్ప. సుందరయ్య, కొత్తపట్నం దగ్గర తలూపాడు. దుర్గాబాయి హాస్టల్ దగ్గర ఆగి, అంటే హౌస్ లేకపోతే ఆవిడే హౌస్ పెట్టేసిందా, అని రెండుసార్లు అడిగాడు. నా మెస్ కథ అయ్యాక కాసేపు ఏం మాట్లాడలేదు.

"బావా, క్యాంపుకి నన్నెందుకు పంపుతున్నారో తెలుసా? నేను మా హౌస్ ట్రెజరర్‌ని" అన్నాడు చివరికి. ముప్ఫై ఒక్క మంది ఉండే ఇల్లు. అద్దె, ఇన్సూరెన్స్, వంటగది ఖర్చు, అన్నీ వీడి చేతిలో. ఇద్దరు రెండు నెలలుగా డబ్బు కట్టట్లేదు. అందులో ఒకడు వీడిని ఆ ఫ్రాటర్నిటీలోకి తెచ్చినవాడే, వాళ్ళ నాన్న ఉద్యోగం పోయిందట. ఆ మాట మిగిలినవాళ్ళకి చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. జనవరిలో మీటింగ్, బాకీలున్నవాళ్ళ పేర్లు వీడు చదవాలి.

"క్యాంపులో ఇది నేర్పుతారా?" అన్నాను.

"అది జూన్‌లో కదా బావా. మీటింగ్ జనవరిలో."

ఇంటికొచ్చి వసారాలో కూర్చుని వాడి ఎక్సెల్ షీట్ తెరిచాం. తలకి నెలకి ఎంత పడుతోంది, ఎంతమంది తింటున్నారు, ఒకళ్ళ వాటా మూడు నెలలు అందరి మీదా సర్దితే ఎంత, ఆ మాట పేరు చెప్పకుండా ఎలా అడగాలి, ఒట్టు సంగతేమిటి. తాత మంచం మీంచి లేచి వచ్చి భుజం మీదుగా తొంగి చూశాడు. వాడు స్క్రీన్ మీద వేలు పెట్టి, ఇది బియ్యం తాతా, అన్నాడు.

"ఆడ బస్తా ఎంతంట?" అని తాత ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.